లారీ కన్నా ఆ 30 రోజుల గదే ఆదుకుంది: రీలొకేషన్ సర్వీస్ మీద నా రివ్యూ

కొత్త ఉద్యోగానికి ఆఫర్ లెటర్‌తో పాటు రీలొకేషన్ సర్వీస్ కూడా ఇచ్చారు. ఊరు మారేవాళ్ల పనులన్నీ చూసిపెట్టే సంస్థ అన్నమాట, ఖర్చు కంపెనీదే. సామాను ప్యాకింగ్, రవాణా, 30 రోజులు ఉండటానికి సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ (మంచం, వంట సామాను అన్నీ ముందే ఉండే బస), ఇల్లు చూపించడానికి ఒక రోజు కన్సల్టెంట్, పాప స్కూల్ గురించి కాస్త సాయం. ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. మొదటి వారంలో రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని, రెండో నెలలో అయితే ఒకటి, అదీ కష్టం మీద. ఇప్పుడు కోపం, సంబరం రెండూ తగ్గాయి కాబట్టి నిదానంగా ఆలోచించి మూడున్నర ఇస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. ఈ ప్యాకేజీలు ఏ సంస్థవైనా చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి పేరు కన్నా లోపల ఏముంటుందో తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే నేను మొదట తప్పటడుగు వేసింది అక్కడే. వాళ్లు రెండు ఊళ్ల ఖర్చులు పోలుస్తూ ఒక రిపోర్ట్ పంపారు. కొత్త ఊళ్లో ఖర్చు 15 శాతం ఎక్కువ అని ఉంది, నాకు జీతం 40 శాతం పెరుగుతోంది, ఇంకేం కావాలి అనుకుని సంతకం పెట్టేశాను. ఆ 15 శాతంలో అద్దె లేదని వారం తర్వాత కింద చిన్న అక్షరాల్లో చూశాను. ఇది ఈ ఒక్క రిపోర్ట్‌లోనే కాదు. ఊళ్ల ఖర్చులు పోల్చి చూపించే నంబియో అనే వెబ్‌సైట్‌లో కూడా న్యూయార్క్‌ని 100 అనుకుని మిగతా ఊళ్లన్నిటినీ దానితో పోలుస్తారు, అందులో కాస్ట్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ అని కనిపించే అంకెలో అద్దె కలవదు, అద్దెకి వేరే ఇండెక్స్ ఉంటుంది, రెండూ కలిపింది ఇంకొకటి ఉంటుంది. ఖరీదైన ఊరు ఖరీదైనది అయ్యేదే అద్దె వల్ల, అది తీసేసి చూస్తే మనకి తెలిసేది సగమే.

నా లెక్క ఇలా తేలింది. పాత ఊళ్లో చేతికొచ్చే జీతం 100 అనుకుంటే అద్దెకి 20 పోయి 80 మిగిలేది. ఇక్కడ 140 వస్తుంది, అద్దె 55, మిగిలేది 85. పైకి 5 ఎక్కువే, కానీ మిగతా ఖర్చులు 15 శాతం పెరిగాయి కాబట్టి ఆ 85తో కొనగలిగేది పాత ఊళ్లో 74తో కొనగలిగినంతే. అంటే 40 శాతం పెంపు మీద నేను వెనక్కి వెళ్లాను. అయినా ఉద్యోగం నాకు ఇష్టమైనది, రెండేళ్లలో పైకి వెళ్లే దారి ఉంది, తెలిసినా వచ్చేదాన్నే. కాకపోతే తెలిసి ఉంటే జాయినింగ్ బోనస్ గురించో, ఇంకా ఎక్కువ రోజుల బస గురించో ముందే గట్టిగా అడిగేదాన్ని. సంతకం అయ్యాక అడిగితే ఎవరు వింటారు?

సామాను విషయంలో వీళ్లకి పూర్తి మార్కులు. ముందు వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమన్నారు, ప్రతి అల్మారా తెరిపించారు, మంచం కింద ఏముందో కూడా అడిగారు. ఆ సర్వే మీదే ఎన్ని క్యూబిక్ అడుగులు వస్తుందో అంచనా వేస్తారు, లారీలో మనకిచ్చే చోటు దాన్ని బట్టే, కాబట్టి అటక మీద సామాను దాచిపెట్టి చెప్పకపోతే లోడింగ్ రోజు గొడవ ఖాయం. మా సామాను ఒక్కటే లారీ నింపేంత లేదు, ఇంకో రెండు కుటుంబాలవాటితో కలిపి పంపారు. షేర్డ్ లోడ్‌లో ఖర్చు తక్కువ కానీ చేరే తేదీ ఖచ్చితంగా చెప్పరు. మాకు నాలుగు రోజులు ఆలస్యమైంది, ముందే చెప్పారు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. వచ్చిన కుర్రాళ్లు నలుగురూ చాలా ఓపికగా పనిచేశారు, మా అత్తగారి కుట్టుమిషన్‌ని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తారు, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక్క తప్పు నాది. పింగాణీ సామాను వేరేవాళ్ల చేతికి ఇవ్వడం ఇష్టం లేక నేనే ముందురోజు రాత్రి సర్దాను. ఇన్వెంటరీ షీట్‌లో, అంటే సామాను జాబితాలో, ఆ పెట్టె పక్కన 'ప్యాక్డ్ బై ఓనర్' అని రాశారు, నేను చదవకుండా సంతకం చేశాను. అలా రాసిన పెట్టెలో ఏది పగిలినా సాధారణంగా ఇన్సూరెన్స్ రాదు. ఆరు ప్లేట్లు, మా అమ్మ ఇచ్చిన గిన్నె ఒకటి పోయాయి. దయచేసి పగిలేవి ఏవైనా వాళ్లతోనే ప్యాక్ చేయించండి, మీరు పక్కన నిలబడి చూడండి, చాలు. పుస్తకాల బీరువా కూడా పాడైంది, అది పార్టికల్ బోర్డ్‌ది (చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసే పలక), విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టు నిలవలేదు. అలాంటి ఫర్నిచర్ అమ్మేసి రావడమే మంచిది, లారీలో దానికి చోటు దండగ. ఇంకొకటి, ఇన్సూరెన్స్‌లో సామాను విలువ తక్కువ చేసి రాయకండి. అసలు విలువలో సగమే రాస్తే, ఒక్క వస్తువు పోయినా దాని నష్టంలో సగమే లెక్కగట్టి ఇచ్చే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇక ఇల్లు చూపించిన రోజు. ఈ సర్వీస్‌లో నన్ను బాగా నిరాశపరిచింది ఇదే. పొద్దున తొమ్మిదికి కారు పంపారు, సాయంత్రానికి ఏడు ఇళ్లు చూపించారు. అన్నీ ఒకే బ్రోకర్‌వి, అన్నీ నేను చెప్పిన బడ్జెట్‌కి పదో పదిహేను శాతమో పైనే. ప్రతి ఇంటి దగ్గరా "ఇది సాయంత్రానికి పోతుంది మేడమ్, టోకెన్ ఇచ్చేయండి" అనే మాట. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఏ వంటగది ఏ ఇంట్లోదో గుర్తులేదు. ఒకపక్క మా ఆయన అక్కడ పాత ఇల్లు ఖాళీ చేసే పనిలో ఉన్నారు, పాప "అమ్మా, మన ఇల్లు దొరికిందా?" అని ఫోన్ చేస్తోంది, టెన్షన్‌లో ఐదో ఇంటికి ఊ అనబోయాను.

అప్పుడు ఆపింది ఆ రోజు మాతో వచ్చిన కన్సల్టెంటే. వయసులో నాకన్నా పెద్దావిడ. బ్రోకర్ ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకి వెళ్లగానే, "ఈరోజు దేనికీ డబ్బు కట్టొద్దమ్మా. నీకు ఇంకా 26 రోజులు గది ఉంది. రేపు పొద్దున ఆఫీసు టైముకి ఈ ఇంటి దగ్గర నుంచి బయల్దేరి ఆఫీసుకి వెళ్లి చూడు, సాయంత్రం మళ్లీ ఇక్కడికి వచ్చి చూడు, అప్పుడు నిర్ణయించుకో" అంది. వాళ్ల సంస్థకి ఇల్లు తొందరగా తేలితే ఫైలు మూసుకుంటుంది, అయినా ఆవిడ నా మేలు చూసింది. ఈ రివ్యూలో మూడు స్టార్లు ఆవిడవే.

మర్నాడు వెళ్లాను. మ్యాప్‌లో 35 నిమిషాలు చూపించిన దారి, గుమ్మం నుంచి నా సీటు దాకా గంటా పది నిమిషాలు పట్టింది. ఆ 35లో స్టేషన్ దాకా నడక కలవలేదు, రద్దీకి మొదటి రెండు రైళ్లు ఎక్కలేక ఆగిన సమయం కలవలేదు, ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ కోసం నిలబడిన సమయం కలవలేదు. చేజరే మార్కెట్టి అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త 1994లో ఒక వ్యాసంలో, నడిచే కాలమైనా కార్ల కాలమైనా మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి ఇచ్చే సమయం సుమారు గంటే అని వాదించాడు. రానూ పోనూ కలిపి గంట. నేను తీసుకోబోయిన ఇంటి నుంచి అది రెండు గంటల ఇరవై నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులకి దాదాపు 12 గంటలు. పాప నిద్రపోయాక ఇంటికి చేరే బతుకు కోసం నేను ఊరు మారలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఆఫీసు అయ్యాక రోజుకో వీధి తిరిగాను. చివరికి దొరికింది పాత బిల్డింగ్, రెండు గదులు, అద్దె అనుకున్నంతే, గుమ్మం నుంచి సీటుకి 40 నిమిషాలు. బ్రోకర్ జాబితాలో లేదు, గేటుకి కట్టిన బోర్డు చూసి ఫోన్ చేశాను. సామాను సగం పట్టలేదు, అప్పుడు అర్థమైంది లారీలో తెచ్చినదాంట్లో ఎంత అనవసరమో. ఖరీదైన ఊళ్లో ప్రతి చదరపు అడుగుకీ నెలనెలా అద్దె కడతాం, వాడని సోఫాకి కూడా. ఆ 30 రోజుల గది లేకపోతే నేను మొదటి రోజే ఆ దూరపు ఇంటికి ఏడాది అగ్రిమెంట్ రాసేసి ఉండేదాన్ని.

అందుకే చెప్తున్నాను, మీ ప్యాకేజీలో మార్పులకి వీలుంటే సామాను రవాణా కొంత తగ్గించుకుని బస రోజులు పెంచమనండి. 30 బదులు 45 వస్తే చాలా పెద్ద తేడా. ఇల్లు చూసే ఆ ఒక్క రోజుని రెండు అర రోజులుగా, వారం తేడాతో చేయమనండి. ఇవి రెండూ నేను అడగలేదు, తర్వాత నా టీమ్‌లోకి వచ్చిన ఒకమ్మాయికి చెప్తే అడిగింది, ఇచ్చారు.

రీయింబర్స్‌మెంట్ గురించి రెండు ముక్కలు. డిపాజిట్, మొదటి నెల అద్దె, బ్రోకరేజ్ లాంటివి ముందు మన చేతి నుంచే పెట్టాలి, బిల్లులు పెట్టాక నాకు 50 రోజులకి వచ్చాయి, డిపాజిట్ అయితే ప్యాకేజీలోనే లేదు. ఆ నెల రెండు ఊళ్లలోనూ అద్దె కట్టాం. కనీసం మూడు నెలల కొత్త అద్దెకి సరిపడా డబ్బు చేతిలో లేకుండా బయల్దేరకండి. ఒకే మొత్తంగా చేతికిచ్చే రీలొకేషన్ అలవెన్స్ అయితే దాని మీద పన్ను పడుతుందా, పడితే ఎవరు కట్టాలి అని హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి. ఇంకా ముఖ్యమైనది, చెప్పిన గడువులోపు ఉద్యోగం మానేస్తే ఈ ఖర్చంతా తిరిగి కట్టాలన్న షరతు. నాకు రెండేళ్లు అని ఉంది, కాకపోతే కట్టాల్సింది నెలనెలా తగ్గుతూ వస్తుంది. మీది తగ్గుతుందా, చివరి రోజు దాకా మొత్తం కట్టాలా, చూసుకోండి.

స్కూల్ సాయం పేరుకే. ఒక జాబితా పంపారు, అందులో సగం స్కూళ్లలో ఏడాది మధ్యలో సీట్లు లేవు. ఫోన్లన్నీ మా ఆయనే చేసుకున్నారు.

మనసు సంగతి ఈ సర్వీస్‌లో ఎవరూ మాట్లాడరు, కానీ నాకు చెప్పాలనుంది. హోమ్స్, రాహే అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1967లో జీవితంలో వచ్చే 43 మార్పులకి ఒత్తిడి పాయింట్లు ఇచ్చారు. అందులో ఇల్లు మారడానికి 20, స్కూల్ మారడానికి 20, పనిలో బాధ్యతలు మారడానికి 29, జీవన పరిస్థితులు మారడానికి 25. విడివిడిగా చిన్నవే, ఊరు మారితే అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. రెండో నెలలో ఊరికే ఏడుపొచ్చేది, నాలో ఏదో లోపం ఉందేమో అనుకున్నాను. లోపం కాదు, అది మామూలే. ఆ నెలలో ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకండి.

బీరువా క్లెయిమ్ ఫోటోలతో సహా పెట్టాను, సర్వేయర్ వచ్చి చూసి వెళ్లాడు, డబ్బు ఇంకా రాలేదు. డెలివరీ రోజు షీట్ మీద 'బీరువా పరిస్థితి చూడాలి' అని చేత్తో రాసి సంతకం పెట్టాను కాబట్టి వస్తుందనే అంటున్నారు. వచ్చాక ఎంత వచ్చిందో కూడా ఇందులోనే రాస్తాను.