తలకు కట్టే టార్చి: ఎరుపు సరే, ఆ బటనే నా బాధ

ఈ టార్చి లూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే లెక్క), బరువు, నీటి రక్షణ సంగతులు దాని డబ్బా మీదే ఉంటాయి. కళింగపట్నం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్ల కోసం రాత్రిళ్లు ఇసుక మీద తిరిగే పనికి దీన్ని చాన్నాళ్లుగా వాడుతున్నా. నా గొడవంతా బటన్‌తోనే.

కొన్నదే ఎర్ర లైటు కోసం. అది రావాలంటే ముందు పెద్ద తెలుపు, తర్వాత చిన్న తెలుపు, ఆపైన టపటపా కొట్టుకునే తెలుపు, నాలుగో నొక్కుకి ఎరుపు. తయారుచేసినవాడు చీకట్లో కాసేపైనా కూర్చున్నట్టు లేదు. కంటిపాప సెకన్లలో విచ్చుకుంటుంది గానీ, 2 మిల్లీమీటర్ల నుంచి 8కి పెరిగినా లోపలికొచ్చే వెలుగు 16 రెట్లే. అసలు చీకటి చూపు, కంటి వెనక తెరలో మసక వెలుగుని పట్టే రాడ్ కణాల్లో రొడాప్సిన్ అనే రంగు పదార్థం మళ్లీ నిండితేనే వస్తుంది, దానికి 30, 40 నిమిషాలు. ఆ రాడ్లకు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలి-ఆకుపచ్చ వెలుగు బాగా ఆనుతుంది, 640 దాటిన ఎరుపు దాదాపు ఆనదు. అందుకే మసక ఎరుపులో పని చేసుకున్నా చూపు చెడదు. తెలుపు ఒక్కసారి ఇసుక మీద పడి కళ్లలో కొట్టిందా, అంతదాకా కనబడ్డ తాబేలు జాడ మాయం. కొన్ని నిమిషాలు ఊరికే నిలబడాల్సిందే. గుడ్లు పెట్టడానికి పైకొస్తున్న తాబేలు వెనక్కి మళ్లిపోయినా పోవచ్చు.

విరుగుడు ఉంది. ఒక కన్ను మూసుకుని, టార్చి అద్దాన్ని అరచేత్తో కప్పి, నొక్కులు లెక్కపెట్టుకోవాలి. చీకటికి ఏ కన్ను ఆ కన్నే అలవాటు పడుతుంది కాబట్టి మూసినది పాడవదు. చేతిలోంచి దాటొచ్చేది కూడా ఎరుపే, వేళ్ల అంచులు ఎర్రగా మెరుస్తాయి. జాడని నేరుగా కాక కాస్త పక్కకి చూడండి, చూపు నట్టనడుమ రాడ్లు ఉండవు.

ఎరుపుకీ మెలికలున్నాయి. దీని ఎర్ర ఎల్ఈడీ వెలుగు 640 నానోమీటర్ల కంటే కిందే ఉన్నట్టుంది, కాంతి ఎక్కువైతే అదీ చూపుని తినేస్తోంది. మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాక నయం. రిజిస్టర్లో ఎర్ర పెన్నుతో రాసింది ఆ వెలుగులో కాగితంలో కలిసిపోతుంది, నీలమో నలుపో వాడాలి. ఎరుపు కంట్లో కాస్త వెనక ఫోకస్ అవుతుంది, అందుకే నలభై దాటినవాళ్లు కొలత టేపుని ఇంకాస్త దూరం పెట్టి చదవాలి. ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు చిలుము పడుతున్నాయి, వాడాక సెల్స్ తీసేయండి.

రాత్రి పొలంలో మోటారు వేయడానికి వెళ్లేవాళ్లు ఎరుపు జోలికి పోవద్దు. రక్తపింజర మచ్చలు ఎర్రమట్టిలో కలిసిపోతాయి, తెలుపే వేసుకోండి. నాలా తీరం పనికైతే, ఎరుపుకి వేరే బటన్ ఉన్నదాన్నే షాపులో నొక్కి చూసి కొనండి. అది దొరికేదాకా నాకు ఇదే.