బ్రిటనీలో ఒక్క రోజు: లె ఫావెట్, కెస్తాంబేర్, లొక్రొనాన్‌లలో ఏది మేలు?

ఫ్రాన్స్‌లో చదువుకునే మనవాళ్ళు, సెలవుల్లో వాళ్ళ దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు బ్రిటనీ (ఆ దేశపు వాయవ్య ప్రాంతం) అనగానే సముద్రతీరానికే పోతారు. లోపలి చిన్న ఊళ్ళకు ఒక రోజు ఇవ్వగలిగితే మూడు పేర్లు ముందుకొస్తాయి. నా ఓటు లె ఫావెట్‌కే. అయితే అది అందరికీ నప్పదు.

అందం ఒక్కటే చూస్తే లొక్రొనాన్‌ను కొట్టేది లేదు. చౌరస్తా చుట్టూ 17, 18 శతాబ్దాల నల్లరాతి ఇళ్ళు, మధ్యలో బావి, పక్కనే సెయింట్ రోనాన్ చర్చి. ఒకప్పుడు ఇక్కడ జనపనారతో ఓడల తెరచాపలు నేసేవారు. ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ కొన్న సరుకులో ఈ బట్ట కూడా ఉంది. మన యానాంలో కోఠీ పెట్టింది ఆ కంపెనీయే. తర్వాత నేత వ్యాపారం ఇతర ఊళ్ళకు మళ్ళింది, లొక్రొనాన్ చితికిపోయింది. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేకపోబట్టే అవి అలా మిగిలాయి. 1979లో వచ్చిన ‘టెస్’ సినిమాకు ఇంగ్లండ్ పల్లెగా దీన్నే చూపించారు. చిక్కల్లా ఏమిటంటే, ఇప్పుడు వేసవిలో అక్కడ కనిపించేది ఎక్కువగా మనలాంటి యాత్రికులే.

కెస్తాంబేర్ సంగతి వేరు. చూడాల్సింది ప్రధానంగా ఒక్కటే, సంత మండపం. 1552లో కట్టారు, 1675లో చెక్క పని మళ్ళీ చేశారు. ఆ దూలాల అల్లిక కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. సోమవారం సంత. వాన్, రెదాన్ మధ్య రైలు మార్గంలో స్టేషన్ ఉంది. కారు లేనివాళ్ళకు ఇంతకన్నా సుఖం లేదు.

ఇక లె ఫావెట్. ఇక్కడా 16వ శతాబ్దపు సంత మండపం ఉంది: పక్కల పొట్టి రాతి స్తంభాలు, కిందికి వాలిన స్లేటు పలకల కప్పు, నడినెత్తిన చిన్న గంట గోపురం. బుధవారం సంత, అదీ ప్రతి బుధవారం కాదు కాబట్టి తేదీలు ముందే చూసుకోవాలి. ఇలాంటి సంతల నుంచి డబ్బు మూటతో ఇంటికి మళ్ళే వర్తకుల్ని దోచుకున్న మారియోన్ అనే బందిపోటు ఈ ఊరి పక్కనే 1717లో పుట్టింది. 1755లో కాంపేర్‌లో ఉరి తీశారు. ఊరు మాత్రం ఆమె పేరును ఇప్పటికీ వదల్లేదు.

అసలు సొమ్ము ఊరి బయట ఉంది. సెయింట్ ఫియాక్ర్ ప్రార్థనాలయంలో జనం నిలబడే చోటుకూ, పూజ జరిగే చోటుకూ మధ్య 1480లో ఒలివియే లె లోయర్గాన్ చెక్కిన రంగుల కొయ్య తెర నిలిచి ఉంది. ఒక వైపు ఏసు, దేవదూతలు సరే, మరో వైపు చూడండి: పళ్ళు దొంగిలించేవాడు, వాద్యం ఊదుతూ కూర్చున్న సోమరి, తాగి నక్కను కక్కుతున్నవాడు! పాపాల్ని చూపించి భయపెట్టాలనుకున్నాడో, జనాన్ని నవ్వించాలనుకున్నాడో గానీ శిల్పి బాగా సరదాపడ్డాడనిపిస్తుంది. సెయింట్ బార్బ్ అనే ఇంకో ప్రార్థనాలయానిది మరో తమాషా. ఎల్లే నది లోయ మీద కొండ అంచుకు అతికించినట్టు కట్టారు. వేటలో తుఫానుకు చిక్కిన ఒక జమీందారు బతికితే గుడి కడతానని మొక్కుకున్నాడని కథ. 1489లో మొదలుపెట్టారు. పెద్ద రాతి మెట్లు దిగి వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి.

ఊళ్ళో పాత ఉర్సులైన్ సన్యాసినుల మఠంలో చిత్రకళా మ్యూజియం ఉంది. ఈ ఊరి సంత మండపాన్నీ, సంతకొచ్చిన ఆడవాళ్ళ తెల్ల టోపీల్నీ గీయడానికి ఎందరో చిత్రకారులు ఇక్కడికి వచ్చారు.

రైలు లేదు, అదొక్కటే దీనికి లోటు. కాంపెర్లే స్టేషన్లో దిగి మిగతా దారి రోడ్డు మీద వెళ్ళాలి. కారు ఉంటే, సంత ఉన్న బుధవారం దొరికితే లె ఫావెట్. కారు లేకపోతే సోమవారం కెస్తాంబేర్. ఫొటోల కోసమైతే లొక్రొనాన్, అదీ పొద్దున్నే, బస్సులు రాకముందు. మీరు వెళ్ళేది ఆరేళ్ళకోసారి జులైలో వచ్చే పెద్ద ట్రోమెనీ అనే మత ఊరేగింపు సమయానికైతే మాత్రం ఈ లెక్కంతా పక్కన పెట్టి లొక్రొనాన్‌కే వెళ్ళండి. సెయింట్ రోనాన్ పేర జెండాలు పట్టుకుని పొలాల మీదుగా 12 కిలోమీటర్లు నడుస్తారు. 2025లో జరిగింది.