కీ, జేడబ్ల్యూటీ, హెచ్‌మ్యాక్: చిన్న ఏపీఐకి ఏ తాళం మేలు?

విశాఖ ఫిషింగ్ హార్బర్ వేలంలో వంజరం, చందువ, టైగర్ రొయ్య ఎంత పలికాయో చెప్పే చిన్న ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను డేటా అడిగే దారి) ఒకటి ఉందనుకుందాం. ఋషికొండ ఐటీ హిల్ మీద నలుగురున్న కంపెనీ రాసింది. ధరలు చదవడానికి ఒక దారి, ధర ఎక్కించడానికి ఒక దారి, అంతే. వాడేవాళ్లు మాత్రం మూడు రకాలు. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ సర్వరు అయిదు నిమిషాలకోసారి ధరలు లాక్కుంటుంది. బోటు ఓనర్లు ఫోన్ యాప్‌లో చూసుకుంటారు. హార్బర్‌లో కూర్చున్న గుమాస్తా ట్యాబ్ నుంచి ధర ఎక్కిస్తాడు.

భద్రతంతా ఏపీఐ కోడ్‌లో రాసుకోకుండా, ముందు కాంగ్ గేట్‌వే (ఏపీఐ ముందు కాపలా ఉండి వచ్చిన ప్రతి రిక్వెస్టునూ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్) నిలబెట్టి దాని ప్లగిన్లకు (ఒక్కో పనికి తగిలించుకునే ముక్కలు) అప్పజెప్పడం మంచి పద్ధతే. కాంగ్ 2015 నుంచి ఓపెన్‌సోర్స్‌గా దొరుకుతోంది. లోపల నడిచేది ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు, దాని మీద లువా భాషలో రాసిన కోడ్. కీ-ఆథ్ (రహస్య కీ చూసేది), బేసిక్-ఆథ్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్), జేడబ్ల్యూటీ (లాగిన్ అయ్యాక ఇచ్చే సంతకమున్న టోకెన్), హెచ్‌మ్యాక్-ఆథ్ (ప్రతి రిక్వెస్టు మీదా రహస్యంతో చేసిన సంతకం), ఏసీఎల్ (ఏ గ్రూపుకు అనుమతి), ఐపీ-రెస్ట్రిక్షన్ (ఏ ఐపీకి అనుమతి), రేట్-లిమిటింగ్ (ఎన్నిసార్లు అడగొచ్చు) అన్నీ ఉచిత వెర్షన్‌లోనే ఉన్నాయి. అందుకే చాలామంది ముందు ప్లగిన్ ఎంచుకుని, ఎవరు వాడతారన్నది తర్వాత ఆలోచిస్తారు. వరస తిరగేయాలి. అవతల పిలిచేది యంత్రమా, మనిషా? రహస్యాన్ని దాచుకునే చోటు వాళ్ల దగ్గర ఉందా? ఈ రెండూ తేలితే ప్లగిన్ దానంతటదే తేలుతుంది.

ఎగుమతి కంపెనీ సర్వరుకు: కీ-ఆథ్

ఇక్కడ కీ-ఆథ్‌ను మించింది అక్కర్లేదు. అవతల ఒకే సర్వరు, కీని దాచుకోవడానికి దానికి చోటుంది, పోయిందంటే మార్చడం పది నిమిషాల పని. చేయాల్సిన పని వరసగా: ఏపీఐ చిరునామాతో ఒక సర్వీసు, దానికి రూట్లు (ఏ రిక్వెస్టు ఆ సర్వీసుకు వెళ్లాలో చెప్పేవి), సర్వీసు మీద కీ-ఆథ్, ఆ కంపెనీ పేరిట ఒక కన్స్యూమర్ (వాడేవాళ్ల ఖాతా), ఆ కన్స్యూమర్‌కి ఒక కీ. కీ మీరు ఇవ్వకపోతే కాంగే 32 అక్షరాలది తయారు చేస్తుంది, అది చాలు. కంపెనీ పేరు, సంవత్సరం కలిపి చేత్తో అల్లిన కీలు మాత్రం వద్దు.

డిఫాల్ట్‌గా వదిలేయకూడనివి రెండున్నాయి. మొదటిది, కీని హెడర్‌లోనే కాదు, యూఆర్‌ఎల్‌లో క్వెరీగా పంపినా కాంగ్ ఒప్పుకుంటుంది. అలా వచ్చిన కీ యాక్సెస్ లాగ్‌లోకి, మధ్యలో ఉన్న ప్రతి ప్రాక్సీ లాగ్‌లోకి ఎక్కుతుంది. ఆ లాగ్ ఎవరో సాయం కోసం వాట్సాప్ గ్రూప్‌లో పెడితే కీ అక్కడికీ చేరుతుంది. కీ-ఇన్-క్వెరీని ఫాల్స్ చేయండి. రెండోది, హైడ్-క్రెడెన్షియల్స్ మొదట ఫాల్స్‌గా ఉంటుంది. అంటే గేట్‌వే కీని చూసి, అలాగే వెనకున్న మీ సర్వరుకూ పంపేస్తుంది. దాన్ని ట్రూ చేయండి.

ప్లగిన్‌ని రూట్ మీద పెట్టాలా, సర్వీసు మీదా? సర్వీసు మీదే. రూట్ మీద పెడితే వచ్చే నెల ఇంకో రూట్ కలిపినవాడు ప్లగిన్ తగిలించడం మరిచిపోతాడు, ఆ దారి బార్లా తెరిచి ఉంటుంది, ఎవరికీ తెలియదు కూడా. రూట్‌లో మెథడ్స్ రాయకపోయినా ఇలాంటి చిక్కే. పాత్ మాత్రమే ఇచ్చిన రూట్ నుంచి గెట్‌తో (ధర చదవడం) పాటు పోస్ట్ (ధర ఎక్కించడం) కూడా వెళ్లిపోతుంది. గెట్‌కి ఒక రూట్, పోస్ట్‌కి ఒక రూట్ విడివిడిగా పెట్టి, పోస్ట్ రూట్ మీద ఏసీఎల్ ప్లగిన్‌తో ధర ఎక్కించేవాళ్ల గ్రూపును మాత్రమే అనుమతించండి. ఎగుమతి కంపెనీ కీతో పోస్ట్ కొడితే అప్పుడు 403 (ఎవరో తెలుసు, అనుమతి లేదు) రావాలి. కీ లేకుండా కొడితే 401 (ఎవరో తెలియదు). ఫోన్‌లో సపోర్ట్ అడిగే క్లయింటుకు ఈ రెండిటి తేడా ముందే చెప్పి ఉంచితే సగం కాల్స్ తగ్గుతాయి.

రూట్ ప్రోటోకాల్స్‌లో హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే ఉంచండి. మామూలు హెచ్‌టీటీపీలో వచ్చినవాడికి కాంగ్ 426 (సురక్షిత దారిలో రమ్మనే కోడ్) చెప్పి ఆపేస్తుంది. దాన్ని 301గా మార్చి దారి మళ్లించడం మర్యాదగా కనిపిస్తుంది కానీ, అలా చేస్తే క్లయింటు ప్రతిసారీ ముందు కీని బట్టబయలుగా పంపి, ఆ తర్వాత సురక్షిత దారికి వస్తాడు. తప్పు ఎవరి కంటా పడకుండా నెలల తరబడి నడుస్తుంది. 426 అయితే మొదటి రోజే పట్టుబడుతుంది.

బేసిక్-ఆథ్ సంగతి కూడా ఇక్కడే ముగిద్దాం. అది పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి దాస్తుంది, కీ-ఆథ్ మాత్రం కీని ఉన్నదున్నట్టు దాస్తుంది. ఆ ఒక్క విషయంలో బేసిక్-ఆథ్‌దే పైచేయి. కానీ మనుషులు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఎంత బలహీనమో యంత్రం ఇచ్చిన కీ అంత బలమైనది కాబట్టి మొగ్గు కీ వైపే. డేటాబేస్ లేకుండా యామల్ అనే సెట్టింగుల ఫైలుతో నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక: కీలన్నీ ఆ ఫైల్లోనే కనిపిస్తాయి, దాన్ని కోడ్ దాచి పంచుకునే గిట్‌లోకి తోయకండి.

ఫోన్ యాప్‌కి: లాగిన్ సర్వరు ఉంటేనే జేడబ్ల్యూటీ

యాప్‌లో ఒకే కీని పొదిగి వందల ఫోన్లకు పంచితే అది రహస్యం కాదు. ఏపీకే ఫైలు విప్పి కీ బయటకు తీయడం పెద్ద విద్యేమీ కాదు. మార్చాలంటే అందరి చేతా యాప్ అప్‌డేట్ చేయించాలి. మనిషి లాగిన్ అయ్యే చోట జేడబ్ల్యూటీయే సరైనది. కానీ ఇక్కడే చాలామంది పొరబడతారు: కాంగ్ జేడబ్ల్యూటీ ప్లగిన్ టోకెన్ ఇవ్వదు, పరిశీలిస్తుంది. ఓటీపీ పంపడం, మనిషిని గుర్తించడం, టోకెన్ మీద సంతకం చేయడం మీ లాగిన్ సర్వరు పని. అది లేకుండా ప్లగిన్ ఒక్కటీ పెట్టుకుని ప్రయోజనం లేదు.

ఉందనే అనుకుందాం. అప్పుడు ముఖ్యంగా చూసుకోవాల్సింది గడువు. ఈ ప్లగిన్ డిఫాల్ట్‌గా సంతకం చూస్తుందే తప్ప ఎక్స్‌ప్ క్లెయిమ్‌ను (టోకెన్‌లో గడువు రాసి ఉండే గడి) చూడదు. క్లెయిమ్స్-టు-వెరిఫై జాబితాలో ఎక్స్‌ప్ అని మీరు రాయాలి. రాయకపోతే నిరుడు ఇచ్చిన టోకెన్ ఈ రోజూ పనిచేస్తుంది. గంట క్రితం గడువు తీరిన టోకెన్ ఒకటి తయారు చేసి కొట్టి చూడండి. 401 రాకుండా 200 వచ్చిందంటే ఆ జాబితా ఖాళీగా ఉన్నట్టు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. టోకెన్‌లోని ఐఎస్‌ఎస్ క్లెయిమ్ (టోకెన్ ఎవరిచ్చారో చెప్పేది) చూసి అది ఏ కన్స్యూమర్‌దో కాంగ్ తేలుస్తుంది. మీ లాగిన్ సర్వరు అందరికీ ఒకే ఐఎస్‌ఎస్ వేస్తుంది. కాబట్టి కాంగ్ లెక్కలో బోటు ఓనర్లందరూ కలిసి ఒకే కన్స్యూమర్. ఇప్పుడు కన్స్యూమర్ వారీగా నిమిషానికి 60 అని రేట్-లిమిటింగ్ పెడితే, తెల్లవారుజామున వేలం మొదలవగానే 61వ మనిషి నుంచి అందరికీ 429 (పరిమితి దాటింది) వస్తుంది. ఎవరు ఏమిటన్నది వెనకున్న ఏపీఐ టోకెన్‌లోని సబ్ క్లెయిమ్ (ఏ మనిషిదో చెప్పేది) చదివి తేల్చుకోవాలి, మనిషి వారీ పరిమితి కూడా అక్కడే పెట్టుకోవాలి. గేట్‌వే దగ్గర మొత్తానికి ఒక పెద్ద పరిమితి చాలు.

పోనీ ఐపీ వారీగా పెడదామా? మొబైల్ నెట్‌వర్క్‌లో వందల ఫోన్లు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటాయి. జెట్టీ మీద నిలబడ్డవాళ్లంతా ఒక్కడిలా కనిపిస్తారు. ఫోన్ యాప్‌లకు ఐపీ లెక్క పనికిరాదు.

సంతకానికి హెచ్‌ఎస్256 కన్నా ఆర్‌ఎస్256 నయం. హెచ్‌ఎస్‌లో ఒకే రహస్యం లాగిన్ సర్వరులోనూ గేట్‌వేలోనూ ఉంటుంది, ఏ ఒక్కచోట పోయినా ఎవరైనా టోకెన్లు అచ్చేసుకోవచ్చు. ఆర్‌ఎస్‌లో గేట్‌వే దగ్గర ఉండేది పబ్లిక్ కీ మాత్రమే, దానితో సంతకం సరిచూడొచ్చు కానీ కొత్తది చేయలేం. కాకపోతే ఈ ఉచిత ప్లగిన్ ఆ పబ్లిక్ కీని లాగిన్ సర్వరు నుంచి తనంతట తాను తెచ్చుకోదు, మీరే అతికించాలి. కీ మార్చే రోజు అందరూ ఒక్కసారిగా బయట పడకుండా ఉండాలంటే కీ-క్లెయిమ్-నేమ్‌ను కిడ్‌గా (ఏ కీయో చెప్పే గుర్తు) పెట్టి, పాత కీ, కొత్త కీ రెండూ కొన్నాళ్లు ఉంచండి. ఆ పేరును కాంగ్ టోకెన్ పేలోడ్‌లో వెతుకుతుంది, లేకపోతే హెడర్‌లో వెతుకుతుంది.

గడువు ఎంత పెట్టాలన్నది సముద్రం తేలుస్తుంది. యాక్సెస్ టోకెన్‌కి 15 నిమిషాలు బాగానే ఉంటుంది. కానీ వేటకు వెళ్లిన మరబోటు పది, పదిహేను రోజులు సిగ్నల్‌కి అందదు. రిఫ్రెష్ టోకెన్ (మళ్లీ లాగిన్ లేకుండా కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చిపెట్టేది) వారానికే చచ్చిపోతే, ఒడ్డు దగ్గర పడుతూ సిగ్నల్ వచ్చీరాని చోట, ధర చూసుకోవాల్సిన వేళకే యాప్ మళ్లీ ఓటీపీ అడుగుతుంది. రిఫ్రెష్‌కి 30 రోజులివ్వండి. పోయిన ఫోన్‌ని ఆపే పని లాగిన్ సర్వరులో పెట్టుకోండి. గేట్‌వే ఒక్క మనిషి టోకెన్‌ను రద్దు చేయలేదు. కన్స్యూమర్ క్రెడెన్షియల్ తీసేస్తే అందరివీ పోతాయి.

కాంగ్‌లో ఓఆథ్2 ప్లగిన్ కూడా ఉంది, అది తానే టోకెన్లు ఇస్తుంది. డేటాబేస్ లేని పద్ధతిలో అది నడవదు. ఇంత చిన్న ఏపీఐకి ఆ బరువు ఎత్తుకోనక్కర్లేదు.

గుమాస్తా ట్యాబ్, హెచ్‌మ్యాక్ ఆశ

ధర ఎక్కించడం డబ్బుతో ముడిపడ్డ పని కాబట్టి హెచ్‌మ్యాక్ అయితే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది. ఇందులో రహస్యం వైరు మీద నడవదు, ప్రతి రిక్వెస్టుకీ సంతకం నడుస్తుంది. వినడానికి బాగుంది. ఆచరణలో రెండు దెబ్బలు. డేట్ హెడర్‌కీ గేట్‌వే గడియారానికీ 300 సెకన్లకు మించి తేడా ఉంటే రిక్వెస్టు తిరిగొస్తుంది. టైమ్ చేత్తో పెట్టుకున్న పాత ట్యాబ్‌తో రోజూ గొడవే. రెండోది, బాడీని (రిక్వెస్టు లోపలున్న అసలు సమాచారం) కూడా సంతకం కాపాడుతుందని అందరూ అనుకుంటారు. వ్యాలిడేట్-రిక్వెస్ట్-బాడీ డిఫాల్ట్‌గా ఫాల్స్. దాన్ని ట్రూ చేసి, డైజెస్ట్ హెడర్ (బాడీ నుంచి లెక్కగట్టిన గుర్తు) పంపి, ఆ డైజెస్ట్‌ను ఎన్‌ఫోర్స్-హెడర్స్‌లోనూ చేర్చితే తప్ప 850 అని రాసిన ధరను మధ్యలో 580 చేసినా సంతకం సరిగ్గానే కనిపిస్తుంది.

ఎదుటి పక్షం సర్వరు అయ్యి, మధ్యలో మీది కాని ప్రాక్సీ టీఎల్‌ఎస్ గుప్తీకరణను విప్పుతుంటే హెచ్‌మ్యాక్‌కి అర్థముంది. గుమాస్తాకి కాదు. అతనికీ జేడబ్ల్యూటీ లాగినే ఇచ్చి, ధర రాసే హక్కు ఏపీఐలో చూసుకోవడం మేలు.

హార్బర్ ఆఫీసు ఐపీకి మాత్రమే పోస్ట్ అనుమతిస్తే అదనపు కాపు. బ్రాడ్‌బ్యాండ్‌కి స్టాటిక్ ఐపీ కొనకపోతే కరెంటు పోయి రూటర్ మళ్లీ లేచినప్పుడు ఐపీ మారిపోతుంది, తుఫాను రోజుల్లో సపోర్ట్‌కి చేతినిండా పని. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను మెషీన్లకు పంచేది) వెనక కాంగ్ ఉంటే ఇంకో మాట: ట్రస్టెడ్-ఐపీస్‌లో ఆ బ్యాలెన్సర్ ఐపీ, రియల్-ఐపీ-హెడర్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ పెట్టకపోతే వచ్చిన ప్రతివాడూ బ్యాలెన్సర్ ఐపీతోనే కనిపిస్తాడు. విసుగొచ్చి ట్రస్టెడ్-ఐపీస్‌లో 0.0.0.0/0 రాసేస్తే ఎవరు ఏ ఐపీ అని చెప్పుకున్నా నమ్మినట్టే.

రెండు తాళాలు ఒకే తలుపుకి

ధరలు చదివే రూట్‌కి కీ ఉన్నవాళ్లూ రావాలి, టోకెన్ ఉన్నవాళ్లూ రావాలి. కీ-ఆథ్, జేడబ్ల్యూటీ రెండూ తగిలిస్తే కాంగ్ రెండూ కావాలంటుంది. ఏదో ఒకటి చాలనాలంటే అనామక కన్స్యూమర్ ఒకరిని సృష్టించి, రెండు ప్లగిన్లలోనూ ఎనానిమస్ దగ్గర ఆ ఐడీ ఇవ్వాలి. అక్కడితో ఆగిపోతే ఏ తాళమూ లేనివాడు అనామకుడిగా లోపలికి నడిచొస్తాడు. ఆ అనామక కన్స్యూమర్ మీద రిక్వెస్ట్-టర్మినేషన్ ప్లగిన్ పెట్టి 401 ఇప్పించాలి. ఈ మూడో మెట్టు మరిచిపోయిన ఏపీఐ పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇది తలనొప్పి అనుకుంటే ఒక్కో తాళానికి వేరే సర్వీసు, దానికి వేరే రూట్ పెట్టుకోండి, నన్నడిగితే అదే సుఖం.

ప్లగిన్లు నడిచే వరస కూడా తెలిసి ఉండాలి. ఆథ్ ప్లగిన్లు ముందు, ఐపీ-రెస్ట్రిక్షన్, ఏసీఎల్ తర్వాత, రేట్-లిమిటింగ్ వాటి వెనక. అంటే తప్పు కీలతో సెకనుకి వెయ్యి సార్లు తలుపు కొట్టేవాడు 401 దగ్గరే ఆగిపోతాడు, రేట్-లిమిటింగ్ లెక్కలోకి అసలు రాడు. 32 అక్షరాల కీని అలా ఊహించలేడు కానీ సర్వరును అలసిపోయేలా చేయగలడు. అతన్ని ఆపాల్సింది కాంగ్ ముందున్న ఫైర్‌వాల్.

ఎగుమతి కంపెనీ గంటకు 12 సార్లు అడుగుతుంది. రీట్రైలు కలుపుకొని గంటకు 30 చాలు. కాంగ్ రెండు మెషీన్ల మీద నడుస్తూ పాలసీ లోకల్‌గా ఉంటే ఎవరి లెక్క వాళ్లది, 30 కాస్తా 60 అవుతుంది. డబ్బు లెక్క కాకపోతే వదిలేయండి, అయితే రెండు మెషీన్ల లెక్కా ఒకేచోట ఉంచే రెడిస్ పెట్టండి. ఫాల్ట్-టాలరెంట్ ట్రూగా ఉన్నంతవరకు రెడిస్ పడిపోతే పరిమితి ఉండదు కానీ ఏపీఐ నడుస్తుంది, ధరల ఏపీఐకి అదే కావాలి.

వెనక తలుపు

ఇవన్నీ చేసి, వెనకున్న ఏపీఐ 3000 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచే ఉంటే ఏం లాభం? గేట్‌వేతో పనిలేకుండా నేరుగా అక్కడికే వచ్చి, ఎక్స్-కన్స్యూమర్-యూజర్‌నేమ్ హెడర్ తనే రాసుకుని ఎగుమతి కంపెనీనని చెప్పుకోవచ్చు. కాంగ్ సెట్టింగులు మార్చే అడ్మిన్ ఏపీఐ, 8001 పోర్టు, ఇంకా ప్రమాదం: దాన్ని అందుకున్నవాడు కీలు చదువుతాడు, ప్లగిన్లు తీసేస్తాడు. కాంగ్ డిఫాల్ట్‌గా దాన్ని 127.0.0.1కే (అదే మెషీన్‌కి మాత్రమే) కట్టేస్తుంది, కానీ డాకర్ (ప్రోగ్రాంలను విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) ఉదాహరణలు చూసి 0.0.0.0 (ఎక్కడి నుంచైనా) అని కాపీ కొట్టేవాళ్లే ఎక్కువ. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తో ఆ పోర్టు మూశాం కదా అనుకోవద్దు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటుకుని తెరుచుకుంటాయి. డాకర్ కంపోజ్ ఫైల్లో 127.0.0.1:8001:8001 అని రాయండి, 3000 పోర్టును అసలు పబ్లిష్ చేయకండి. ఆ తర్వాత ఆఫీసు వైఫై వదిలి ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి 8001, 3000 రెండూ కొట్టి చూడండి. రెండూ కనెక్ట్ కాకూడదు, కాంగ్ హెచ్‌టీటీపీఎస్ పోర్టు 8443 మాత్రం 401 చెప్పాలి.