సాఫ్ట్‌బాల్ రిక్రూటింగ్ సర్వీస్: మూడేళ్లు డబ్బు కట్టి వాడాక

మా పాప సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే అమ్మాయి. ఇప్పుడు 12వ తరగతి. మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. 2023 జనవరిలో, తను తొమ్మిదో తరగతిలో ఉండగా, పిల్లల్ని కాలేజీ కోచ్‌లకు పరిచయం చేస్తామనే ఒక ఆన్‌లైన్ సర్వీస్‌లో చేరాం. పోయిన డిసెంబర్‌లో మానేశాం. ఈలోగా కట్టింది మూడు వేల డాలర్ల పైనే. పేరు చెప్పను. నేను విన్నంతలో ఇలాంటివి చాలావరకు ఒకే తానులో ముక్కలు. 5కి 2 ఇస్తున్నాను. ఆ రెండూ ఎందుకో కూడా చెబుతాను.

మొదటి ఫోన్ కాల్ ఇప్పటికీ గుర్తుంది. అవతలి ఆయన పాప ఎత్తు, జీపీఏ, ఏ ట్రావెల్ టీమ్‌లో (స్కూలు బయట, టోర్నమెంట్లకు తిరిగే క్లబ్ జట్టు) ఆడుతుందో అడిగి, పది నిమిషాల్లో 'మీ అమ్మాయికి డివిజన్ 1 అవకాశాలు బాగా ఉన్నాయి' అనేశాడు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది, 1 అంటే అన్నిటికన్నా పై స్థాయి. పాప బంతి విసరడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఈ రాత్రే కడితే డిస్కౌంట్ అన్నాడు. మా ఆవిడ పక్కనుంచి వద్దని సైగ చేస్తూనే ఉంది, నేను కార్డు నంబర్ చదివేస్తూనే ఉన్నాను. ఎంసెట్ కోచింగ్‌లో పెరిగిన బుర్ర కదా, ఫీజు కట్టేస్తే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

గుంటూరు నుంచి మా అమ్మ అడిగేది, 'అయితే స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చినట్టేనా?' అని. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇక్కడ సర్టిఫికెట్లు, మెడల్స్ కట్టగట్టి ఇస్తే సీటు రాదు. ఒక కోచ్‌కి ఆ ఏడాది క్యాచర్ కావాలి, ఆవిడ మన పిల్లను కళ్లారా చూడాలి, నచ్చాలి. ఆవిడ దగ్గర ఇప్పటికే ఇద్దరు క్యాచర్లుంటే మనం ఎంత బాగా ఆడినా అంతే సంగతులు. ఈ ముక్క సర్వీస్ వాళ్లు మాకు ఎప్పుడూ చెప్పలేదు. ట్రావెల్ టీమ్ కోచ్ చెప్పారు.

సర్వీస్ వెబ్‌సైట్లో పాపకో పేజీ ఉండేది. 'ఒక కోచ్ మీ ప్రొఫైల్ చూశారు' అని వారానికి రెండు మూడు మెయిల్స్ వచ్చేవి. ఆఫీసులో మీటింగ్ జరుగుతుంటే టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని చూసుకునేవాణ్ణి. ఏ కోచ్, ఎంతసేపు చూశారు అన్నది తెలియాలంటే పై ప్లాన్‌కి మారాలి. మారాం. తెలిసిందేమిటంటే, చూసినవాళ్లలో చాలామంది తమ క్యాంపుకి (కాలేజీ కోచ్‌లు నడిపే శిక్షణ శిబిరం) ఆహ్వానాలు పంపడానికి చూసినవాళ్లే. ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి 'మా క్యాంపుకి రండి' అని మెయిల్ వస్తే ఇంట్లో పండగ చేసుకున్నాం. ఆరు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాం. అక్కడ నూట పాతికమంది దాకా పిల్లలున్నారు, అందరికీ అదే మెయిల్. ఆ వయసు పిల్లలకు డివిజన్ 1 కోచ్‌లు పంపగలిగేవే క్యాంపు బ్రోచర్లు, వివరాలు నింపమనే ఫారాల్లాంటివి. వాటిని ఆసక్తి అనుకోవడం మా అమాయకత్వం.

నిజమైన మాటలకు తేదీలున్నాయి. డివిజన్ 1లో సాఫ్ట్‌బాల్ కోచ్ పిల్లతో రిక్రూటింగ్ గురించి మాట్లాడాలంటే 11వ తరగతిలో సెప్టెంబర్ 1 రావాలి. డివిజన్ 2కి పదో తరగతి అయ్యాక జూన్ 15. డివిజన్ 3 కోచ్‌లు ఎప్పుడైనా మెయిల్ రాయవచ్చు, ఫోన్ చేయవచ్చు.

2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. పన్నెండు దాటగానే కోచ్‌లు ఫోన్లు చేస్తారని పిల్లలందరికీ తెలుసు. పాప తన ఫోన్‌ను చార్జింగ్ పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచింది. పక్కన ఒక నోట్‌బుక్, అడగాల్సిన ప్రశ్నలు రాసుకుని. మా ఆవిడ పాయసం చేసింది. పన్నెండూ ఐదుకి టీమ్ గ్రూప్‌లో సందడి మొదలైంది: వాళ్ల పిచర్‌కి మూడు కాల్స్, షార్ట్‌స్టాప్‌కి ఒకటి. మా టేబుల్ మీద ఫోన్ వెలిగినప్పుడల్లా ముగ్గురం ఉలిక్కిపడ్డాం, అవన్నీ ఆ గ్రూప్ మెసేజ్‌లే. పన్నెండూ నలభైకి పాప అందరికీ కంగ్రాట్స్ పెట్టి, ఫోన్ బోర్లించి, 'పడుకుందాం నాన్నా, రేపు పొద్దున ప్రాక్టీస్ ఉంది' అంది. నాకు నిద్రపట్టలేదు. రెండింటికి లేచి సర్వీస్ వెబ్‌సైట్ తెరిస్తే 'మీ రిక్రూటింగ్ స్కోరు పెరిగింది' అని పచ్చరంగులో ఉంది.

ఆ వారమే ట్రావెల్ కోచ్‌ని కూర్చోబెట్టి అడిగాను, ఉన్నదున్నట్టు చెప్పమని. ఆయన స్టాప్‌వాచ్ తీశారు. క్యాచర్‌కి పాప్ టైమ్ అని ఒకటుంది: బంతి క్యాచర్ గ్లవ్‌కి తగిలిన క్షణం నుంచి సెకండ్ బేస్ దగ్గరున్న అమ్మాయి గ్లవ్‌లో పడేదాకా పట్టే సమయం. క్యాచర్ కూర్చునే హోమ్ ప్లేట్ నుంచి అక్కడికి 84 అడుగుల పైన దూరం. మా పాపది 2.05, 2.1 సెకన్ల మధ్య. 'పెద్ద ప్రోగ్రామ్‌లలో 1.8 చుట్టుపక్కల అడుగుతారు. మీ అమ్మాయికి చదువుంది, మంచి రిసీవింగ్ (పిచర్ వేసిన బంతిని పట్టే తీరు) ఉంది. డివిజన్ 3 చూడండి' అన్నారు. ఏడాదిన్నరలో మాకు దొరికిన మొదటి నికరమైన సలహా అది. ఒక్క డాలర్ కూడా తీసుకోలేదాయన.

ఇంకో మాట కూడా అన్నారు, అది నాకే తగిలింది. 'కోచ్‌లకు మెయిల్స్ మీరు రాస్తున్నారు కదూ?' నిజమే. 'నా కుమార్తె తరఫున మీకు తెలియజేయునది ఏమనగా' అన్న ధోరణిలో ఇంగ్లిష్‌లో నాలుగేసి పేరాలు, సర్వీస్ ఇచ్చిన టెంప్లేట్‌లో, నలభై కాలేజీలకు ఒకేసారి. జవాబులు రెండు, రెండూ ఆటోమేటిక్. ఆ రోజు నుంచి పాపే రాసింది. పేరు, ఏ ఏడాది హైస్కూల్ పూర్తవుతుంది, క్యాచర్, జీపీఏ, ఈ కాలేజీ ఎందుకు నచ్చింది అని ఒకే ఒక్క వాక్యం, వచ్చే టోర్నమెంట్లో ఏ ఫీల్డ్‌లో ఎన్ని గంటలకు ఆట, జెర్సీ నంబర్, వీడియో లింక్. అంతే. పంపే ముందు నాకు చూపించమన్నాను. చూపించలేదు. రెండో రోజే ఒక అసిస్టెంట్ కోచ్ జవాబిచ్చింది.

వీడియోదీ అదే కథ. సర్వీస్ వాళ్లు ఎడిట్ చేసిచ్చింది ఐదున్నర నిమిషాలు: మొదటి 40 సెకన్లు పేరు గిరగిరా తిరగడం, డప్పుల మ్యూజిక్, స్లో మోషన్. దానికి విడిగా డబ్బులు. ఆ 40 సెకన్లు అయ్యేసరికి కోచ్ వేరే వీడియోకి వెళ్లిపోతారట. ఒక ఆదివారం పొద్దున స్కూల్ గ్రౌండ్‌లో ఫోన్‌తో మేమే తీశాం. బ్యాక్‌స్టాప్ (క్యాచర్ వెనకుండే కంచె) వెనక నుంచి రిసీవింగ్, పక్కనుంచి బ్లాకింగ్ (నేలకు తగిలి వచ్చే బంతిని ఒంటితో ఆపడం), సెకండ్‌కి ఆరు త్రోలు, ఏదీ కత్తిరించకుండా. తర్వాత బ్యాటింగ్. రెండు నిమిషాల 20 సెకన్లు, మ్యూజిక్ లేదు. ఐదో త్రో పక్కకెళ్లింది, అదీ ఉంచింది పాప.

టోర్నమెంట్లలో ఇంకొకటి నేర్చుకున్నాను. కొలరాడోలో జులైలో ఒక ఆటకి బ్యాక్‌స్టాప్ వెనక మడత కుర్చీల్లో నలుగురు కోచ్‌లు కూర్చున్నారు. ఇన్నింగ్స్ మధ్యలో కూడా స్టాప్‌వాచ్ టిక్కుమంటూనే ఉంది. వాళ్లు ఆట ఒక్కటే చూడరు. అవుటై వచ్చినప్పుడు పిల్ల హెల్మెట్ విసిరేస్తుందా, డగౌట్‌లో (జట్టు కూర్చునే చోటు) ఎవరితో ఎలా ఉంటుంది, బ్యాగ్ ఎవరు మోస్తున్నారు. ఆ బ్యాగ్ అప్పటిదాకా నేనే మోసేవాణ్ణి. ఎండలో పాపం పిల్ల అని.

డబ్బు సంగతి మన వాళ్లు ముందుగా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పాత రూల్ ప్రకారం డివిజన్ 1 సాఫ్ట్‌బాల్ జట్టుకి మొత్తం 12 స్కాలర్‌షిప్‌లు, వాటిని ఇరవైమందికి ముక్కలు చేసి పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న హౌస్ సెటిల్‌మెంట్ (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ) తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 25 మందికి మించకూడదన్న లెక్క వచ్చింది. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చుకునే జాబితా: కోచ్‌కి హైస్కూల్ పిల్ల బదులు రెండేళ్లు కాలేజీలో ఆడిన అమ్మాయి దొరుకుతోంది. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ అన్నదే లేదు. ఐవీ లీగ్‌లోనూ లేదు, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయమే. కానీ చాలా డివిజన్ 3 కాలేజీలు మార్కుల్ని బట్టి మెరిట్ ఎయిడ్ ఇస్తాయి. మా ఇంట్లో పనికొచ్చింది అదే. రాత్రి పదింటికి హోటల్ బాత్రూంలో కూర్చుని చేసిన కెమిస్ట్రీ హోంవర్క్ ఫీజులో తగ్గింపైంది.

ఇక ఆ రెండు స్టార్ల సంగతి. ఒకటి, కోచ్‌ల మెయిల్ ఐడీలన్నీ ఒకేచోట దొరికాయి. కాలేజీ వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంటాయి, కానీ వెతకడానికి ఓపిక కావాలి. రెండోది, పదో తరగతిలో ఒక కోర్సు గురించి హెచ్చరించారు. డివిజన్ 1, 2లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు ఉండాలి, అవి ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలోనివై ఉండాలి. పాప తీసుకోబోయిన ఇంగ్లిష్ ఎలెక్టివ్ ఆ జాబితాలో లేదు. మార్చుకుంది. తర్వాత తను డివిజన్ 3నే ఎంచుకుంది కాబట్టి ఆ లెక్క అక్కర్లేకపోయింది, అయినా వాళ్లకు దక్కాల్సిన మార్కు దక్కాలి.

చివరికి ఒహాయోలో ఒక చిన్న కాలేజీ. పోయిన వేసవిలో కోచ్ ట్రాన్స్‌క్రిప్ట్ అడిగి అడ్మిషన్స్ వాళ్లకు ప్రీ-రీడ్‌కి పంపింది, అంటే అప్లై చేయకముందే సీటు వచ్చే వీలుందో లేదో చూపించుకోవడం. ఫర్వాలేదన్నాక పాప ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే అక్కడికే వస్తానని మాటిచ్చి ముందుగా అప్లై చేయడం) అప్లై చేసింది. డిసెంబర్‌లో సీటు వచ్చింది.

మర్నాడే సర్వీస్‌కి ఫోన్ చేశాను. ఆటో రెన్యువల్ ఆపించడానికి 50 నిమిషాలు, ముగ్గురు మనుషులు. 'మీ అమ్మాయి విజయగాథ మా పేజీలో పెట్టుకోవచ్చా?' అని మూడో మనిషి అడిగింది. వద్దన్నాను. వారం తర్వాత మెయిల్ వచ్చింది: 'ఒక కోచ్ మీ ప్రొఫైల్ చూశారు.'