ఏప్రిల్‌లో పదిహేను రాత్రులు, ఇద్దరమే: రైళ్ళలో మా యూరప్ ట్రిప్

మా పెళ్ళై పాతికేళ్ళయింది, ఎటైనా వెళ్దాం అని మావారు రెండేళ్ళ నుంచి అంటూనే ఉన్నారు, పెద్దాడి ఇంజనీరింగ్ అయిపోయాక ఇంక వాయిదా వెయ్యకూడదు అనుకుని ఏప్రిల్‌లో యూరప్ వెళ్ళొచ్చాం. వచ్చినప్పటి నుంచి చుట్టాలు, కాలనీలో వాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు, గ్రూప్ టూర్‌లో వెళ్ళారా సొంతంగా వెళ్ళారా, ఎక్కడ దిగారు, తిండి ఎలా అని. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

మా వదినావాళ్ళు అంతకు ముందు ఏడాది ప్యాకేజీలో వెళ్ళారు. పద్నాలుగు రోజులు, ఎనిమిది దేశాలు. పొద్దున్నే ఆరింటికల్లా సూట్‌కేసు గది బయట పెట్టాలి, తర్వాత బస్సులో నాలుగైదు గంటలు, దిగి ఫొటోలు, మళ్ళీ బస్సు. కానీ వాళ్ళకి రోజూ రాత్రి అన్నం, పప్పు, కూర దొరికింది, వీసా కాగితాలన్నీ టూర్ వాళ్ళే చూసుకున్నారు, మా అన్నయ్యకి షుగర్ కాబట్టి టైముకి తిండి దొరకడం వాళ్ళకి ముఖ్యం. కాబట్టి ప్యాకేజీ తప్పని నేను అనను. డెబ్బై దాటిన వాళ్ళు, ఇంగ్లీషు అస్సలు రాని వాళ్ళు అయితే దాంట్లోనే వెళ్ళండి. ప్యాకేజీ కడితే టీసీఎస్ అని ముందుగా వసూలు చేసే పన్ను కూడా కట్టించుకుంటారు, రిటర్న్స్‌లో సర్దుకుంటుంది కానీ డబ్బు ముందు కట్టాలి కదా, అది లెక్కలో పెట్టుకోండి. నాకైతే వదిన చెప్పిన ఒక్క మాట మనసులో ఉండిపోయింది, "స్విట్జర్లాండ్ చూశాం కానీ అక్కడ ఒక సాయంత్రం ఊరికే కూర్చోలేదే" అంది. అప్పుడే నేను మావారితో చెప్పాను, ఏమండీ, ఊళ్ళు తగ్గిద్దాం, రాత్రులు పెంచుదాం అని.

ఆయన మొదట వేసిన ప్లాన్‌లో ప్రాగ్, వియన్నా, వెనిస్ కూడా ఉన్నాయి. అన్నీ కొట్టేసి చివరికి నాలుగు దేశాలు, ఐదు చోట్ల బస: నెదర్లాండ్స్‌లో 3 రాత్రులు, పారిస్ 3, స్విట్జర్లాండ్ 4, ఫ్లోరెన్స్ 2, రోమ్ 3. దోహా మీదుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి, రోమ్‌లో తిరుగు ఫ్లైటు ఎక్కాం. వెళ్ళేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుంచి పెట్టుకుంటే మళ్ళీ మొదలెట్టిన చోటికి రావక్కర్లేదు, మాకు ఒక రోజంతా మిగిలింది.

ఈ నాలుగు దేశాలకీ కలిపి ఒకటే వీసా (షెంగెన్ అంటారు), ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి, మాకు ఇటలీ 5 కాబట్టి ఇటలీకి పెట్టాం. మనిషికి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే, 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లికేషన్ తీసుకుంటారు. వేసవి దగ్గర పడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు, కాబట్టి సంక్రాంతి అవ్వగానే ఆ పని మీద కూర్చోండి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. రైలు టికెట్లు ముందు కొంటే చౌక, కానీ ఆ చౌక టికెట్లకి చాలావరకు డబ్బు వెనక్కి రాదు, వీసా రాకపోతే పోయినట్టే. మేము హోటళ్ళన్నీ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చేసి వీసాకి చూపించి, పాస్‌పోర్టులు చేతికొచ్చిన రోజు రాత్రే రైళ్ళన్నీ బుక్ చేశాం. ఇంకో నెల ముందు అయితే ఇంకొంచెం తక్కువకి వచ్చేవి, అయినా నిశ్చింతగా ఉండటం నాకు ముఖ్యం.

యూరైల్ అనే రైలు పాస్ తీసుకోవాలా అని మావారు చాలా రోజులు లెక్కలేశారు. పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది, వినడానికి బాగుంటుంది, కానీ యూరోస్టార్, ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారోస్సా లాంటి హైస్పీడ్ రైళ్ళకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరే డబ్బు కట్టాలి, పైగా పాస్ వాళ్ళకి యూరోస్టార్‌లో సీట్లు కొన్నే ఇస్తారు. మాకు దూరం రైళ్ళు నాలుగైదే కాబట్టి విడివిడిగా కొనుక్కోవడమే కలిసొచ్చింది. రోజుకో ఊరు మారే కుర్రాళ్ళకి, జర్మనీ ఆస్ట్రియా వైపు ఎక్కువ తిరిగే వాళ్ళకి పాస్ బాగుంటుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ రేట్లు చూసి మాకు కళ్ళు తిరిగాయి, దాని మీద 12.5 శాతం టూరిస్ట్ టాక్స్ కూడా. అందుకని లైడెన్ అనే ఊళ్ళో దిగాం. ఎయిర్‌పోర్ట్ నుంచి రైల్లో పావుగంట ఇరవై నిమిషాలు, ఆమ్‌స్టర్‌డామ్‌కి అరగంట పైన. కాలువలు ఇక్కడా ఉన్నాయి, 1575లో పెట్టిన యూనివర్సిటీ ఉంది, జనం మాత్రం తక్కువ. అన్నిటికన్నా మించి ట్యూలిప్ తోట క్యూకెన్‌హాఫ్‌కి లైడెన్ స్టేషన్ నుంచే నేరుగా బస్సు ఉంది, బస్సూ ఎంట్రీ కలిపి ఒకటే టికెట్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి టూర్ బస్సులు దీనికే బాగా ఎక్కువ తీసుకుంటున్నాయి, అక్కర్లేదు. ఆ తోట ఏడాదికి ఎనిమిది వారాలే తెరుస్తారు, మార్చి మూడో వారం అటూ ఇటూ నుంచి మే రెండో వారం దాకా. డెబ్బై లక్షల దుంపలు చేత్తో నాటుతారట. మేము ఏప్రిల్ రెండో వారంలో పొద్దున్న తెరిచే టైముకే వెళ్ళాం, పదకొండు దాకా ప్రశాంతం, ఆ తర్వాత టూర్ బస్సులన్నీ వచ్చేశాయి. ఇంత ఎర్రటి ఎరుపు, ఊదా, పసుపు ఒకే చోట నేను ఎప్పుడూ చూడలేదు, కడియం నర్సరీలు చూసిన దాన్నే అయినా.

నెదర్లాండ్స్‌లో రైలైనా ట్రామ్ అయినా కార్డు ట్యాప్ చేసి ఎక్కి, దిగేటప్పుడు మళ్ళీ ట్యాప్ చెయ్యాలి, ఇద్దరికీ రెండు కార్డులు ఉండాలి, ఒక కార్డుతో ఇద్దరు కుదరదు. నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలంటే టికెట్లు ఆన్‌లైన్‌లోనే, మంగళవారం నాడు ఆరు వారాల తర్వాతి తేదీలకి విడుదల చేస్తారు. నేను అలారం పెట్టుకుని తీసుకున్నాను. ఆ పుస్తకాల అల్మారా వెనక మెట్లు ఎక్కి ఆ గదుల్లో నిలబడ్డాక బయటికొచ్చి చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

పారిస్ రైలుకి మళ్ళీ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళకుండా రోటర్‌డామ్‌లో ఎక్కాం, యూరోస్టార్ అక్కడ ఆగుతుంది, లైడెన్ నుంచి దగ్గర. మూడు గంటల లోపే పారిస్.

పారిస్‌లో హోటలే మా ట్రిప్ మొత్తంలో పొరపాటు. స్విస్ రైలు గార్ ద లియోన్ స్టేషన్‌లో ఎక్కాలి కాబట్టి ఆ దగ్గర్లోనే తీసుకున్నాం, ఆ ఆలోచన మంచిదే, కానీ లిఫ్ట్ ఉందా అని చూసుకోలేదు. నాలుగో అంతస్తు, మెలికలు తిరిగే సన్నని చెక్క మెట్లు, రెండు సూట్‌కేసులు, మావారికి మోకాలి నొప్పి. రిసెప్షన్‌లో అడిగితే పేజీలో రాశాం కదా అన్నారు, నిజమే, అడుగున ఎక్కడో ఉంది. పారిస్‌లో బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ అనే ఫిల్టర్ పెట్టకుండా ఏదీ చూడకండి. మెట్రో స్టేషన్లలో కూడా చాలా చోట్ల లిఫ్ట్ ఉండదు, అందుకే సామాను ఒక్కొక్కరికి ఒక్క పెట్టె, అదీ మీరే ఎత్తగలిగేంత.

మ్యూజియంల సెలవులు ముందే చూసుకోండి, లూవ్ర్ మంగళవారం మూసేస్తారు, ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం. మేము వెర్సాయ్ వదిలేసి చిత్రకారుడు మోనే ఇల్లూ తోటా ఉన్న జివెర్నీకి వెళ్ళాం, ఆయన 1883 నుంచి పోయేదాకా 43 ఏళ్ళు అక్కడే ఉన్నారు. దీనికి హాఫ్ డే బస్ టూర్ తీసుకున్నాం, అది మాత్రం దండగ అనిపించింది, తోటలో రెండు గంటలు కూడా ఉంచలేదు, గైడ్ బస్సులో చెప్పిందంతా ఇంటర్నెట్‌లో ఉన్నదే. సెయింట్ లజార్ స్టేషన్ నుంచి వెర్నోన్‌కి రైలు, ముప్పావు గంట, అక్కడి నుంచి షటిల్ బస్సు ఉంటుంది, మీ ఇష్టం ఉన్నంత సేపు ఉండొచ్చు. ఏప్రిల్‌లో కలువలు పూయవు, అవి ఎండాకాలంలోనే, కానీ ట్యూలిప్‌లు, ఫర్‌గెట్-మీ-నాట్ పూలు, పూసిన చెట్లు నిండుగా ఉన్నాయి. నోత్ర్ దామ్ చర్చిని అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు, లోపలికి ఉచితం, రాళ్ళన్నీ తెల్లగా కొత్తగా ఉన్నాయి, తప్పకుండా చూడండి.

తిండి గురించి ఇక్కడే చెప్పేస్తాను. గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ వైపు శ్రీలంక తమిళుల హోటళ్ళు, కొట్లు వరసగా ఉన్నాయి, దోశ, ఇడ్లీ, సాంబారు, కరివేపాకు కూడా అమ్ముతున్నారు. నాలుగు రోజుల తర్వాత వేడి సాంబారు తాగితే ప్రాణం లేచొచ్చింది. ఇంటి నుంచి ఆవకాయ, పులిహోర పులుసు, కందిపొడి, చిన్న కెటిల్ పట్టుకెళ్ళాం. మా అత్తగారు ప్రేమగా సున్నుండలు చుట్టి ఇచ్చారు కానీ బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి తేకూడదని యూరప్‌లో రూల్ ఉంది, నెయ్యి కూడా అందులోకే వస్తుంది, అందుకని అవి పిల్లలకి వదిలేసి వెళ్ళాను. ఆవిడకి ఈ సంగతి చెప్పడం ఎంత కష్టమైందో.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. స్విట్జర్లాండ్‌లో లూసెర్నా, ఇంటర్‌లాకెనా అని చాలా చూశాం. లూసెర్న్‌లో సరస్సు, చెక్క వంతెన, ఊరి సందడి ఉంటాయి, రిగి కొండ కూడా దగ్గరే. ఇంటర్‌లాకెన్‌లో అయితే మన వాళ్ళ హోటళ్ళు ఎక్కువ. మేము రెండూ కాకుండా లాటర్‌బ్రున్నెన్ లోయలో వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ నాలుగు రాత్రులు తీసుకున్నాం. పారిస్ నుంచి బాజెల్ మూడు గంటలు, అక్కడ మారి ఇంటర్‌లాకెన్, అక్కడి నుంచి ఇంకో ఇరవై నిమిషాలు. కిటికీ తీస్తే ఎదురుగా ష్టాబ్‌బాఖ్ జలపాతం, దాదాపు 300 మీటర్ల పైనుంచి పడి కింద చేరేసరికి పొగలాగా అయిపోతుంది. సాయంత్రం కోప్ షాపులో బియ్యం, టమాటాలు, పెరుగు కొనుక్కొచ్చి వండుకున్నాను. మావారు గిన్నెలు కడుగుతుంటే నేను కిటికీ దగ్గర కూర్చుని కొండ మీద వెలుగు పోయేదాకా చూశాను, మా వదిన చెప్పిన సాయంత్రం ఇదే కదా అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఇక్కడ ఒక సంగతి తెలుసుకుని వెళ్ళాలి. స్కీయింగ్ సీజన్ అయిపోతుంది, వేసవి ఇంకా మొదలవ్వదు, కాబట్టి కొన్ని కేబుల్ కార్లు మెయింటెనెన్స్ కోసం ఆపేస్తారు, కొండ మీద నడక దారులు మంచులోనే ఉంటాయి. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండ మీదికి వెళ్ళే రైలు మాత్రం ఏడాదంతా ఉంటుంది. దాని టికెట్ ఇండియా నుంచే కొనేయమని అందరూ చెప్పారు, మేము కొనలేదు, పొద్దున్నే లేచి వెబ్‌క్యామ్ చూడటం, మబ్బు ఉంటే లోయలోనే తిరగడం. రెండు రోజులు తెల్లటి తెర తప్ప ఏం కనపడలేదు, ఆ రెండు రోజులూ థూన్ సరస్సులో పడవ ఎక్కాం, కార్లు లేని మ్యూరెన్ ఊరు వెళ్ళాం, మూడో పొద్దున ఆకాశం శుభ్రంగా ఉంది. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కారు పావుగంటలో పైకి తీసుకెళ్తుంది, తర్వాత 1912లో పూర్తయిన పళ్ళచక్రాల రైలు కొండ లోపల సొరంగంలో 3,454 మీటర్ల ఎత్తుకి. అక్కడ గాలి పలుచన, మెల్లగా నడవండి, నాకు కాస్త తల పట్టేసింది, నీళ్ళు తాగి కూర్చుంటే తగ్గింది. టూర్ గ్రూపుల వాళ్ళు రెండు గంటల్లో దిగిపోతున్నారు, పాపం వాళ్ళ తేదీ వాళ్ళ చేతిలో ఉండదు, మబ్బు రోజు వస్తే అంతే.

పాసుల సంగతి: స్విస్ ట్రావెల్ పాస్‌తో రైళ్ళు, బస్సులు, పడవలు అన్నీ వస్తాయి, మ్యూరెన్ దాకా ఫ్రీ, యుంగ్‌ఫ్రావ్‌కి మాత్రం 25 శాతమే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డుతో అన్నీ సగం, యుంగ్‌ఫ్రావ్ కూడా సగమే. రోజూ తిరిగేవాళ్ళకి పాస్, ఒకే చోట ఉండి ఖరీదైన కొండలు ఎక్కేవాళ్ళకి కార్డు. మేము పాస్ తీసుకున్నాం, లెక్క వేస్తే కార్డు అయితే కొంచెం మిగిలేది.

అక్కడి నుంచి స్పీట్జ్, మిలాన్ మీదుగా ఫ్లోరెన్స్ ఒక రోజు ప్రయాణం. ఫ్లోరెన్స్‌కి రెండు రాత్రులు సరిపోలేదు. పీసా వదిలేశాం, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా మ్యూజియం సోమవారం మూత కాబట్టి మంగళవారం పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకున్నాం. ఫొటోల్లో చూసి ఏముందిలే అనుకున్నాను, అయిదు మీటర్ల పైన ఎత్తు, చేతి మీద నరాలు కూడా కనిపిస్తున్నాయి. పెద్ద చర్చి గోపురానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, కింద నుంచే చూశాం. లోకల్ రైళ్ళకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు మెషిన్‌లో స్టాంప్ కొట్టించుకోవాలి, లేకపోతే ఫైన్.

రోమ్‌లో మాత్రం గైడెడ్ టూర్లకి డబ్బు పెట్టండి, నా గట్టి సలహా. వాటికన్ మ్యూజియంలో గైడ్ లేకుండా వెళ్తే జనంలో కొట్టుకుపోవడమే, మాకు వచ్చినావిడ సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనామందిరం లోకి వెళ్ళే ముందే పైకప్పు బొమ్మలన్నీ బయట బోర్డు మీద చూపించి చెప్పింది, లోపల మాట్లాడనివ్వరు కదా. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చీరలో వెళ్ళాను, ఏ ఇబ్బందీ లేదు. కొలోసియం, ఫోరం కూడా చిన్న గ్రూపు టూర్‌లోనే చూశాం, లేకపోతే అవి మాకు విరిగిన స్తంభాలే. ఆదివారం వాటికన్ మ్యూజియం ఉండదు, నెలాఖరు ఆదివారం ఒక్కటే తెరుస్తారు, అదీ ఉచితం, ఆ రోజు క్యూ చూస్తే ఉచితం వద్దనిపిస్తుంది.

బస టెర్మిని స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో మోంటి వైపు, ఈసారి లిఫ్ట్ చూసుకునే తీసుకున్నాం. వీధి కుళాయిల్లో నీళ్ళు చల్లగా తియ్యగా ఉంటాయి, సీసా పట్టుకెళ్ళండి. ఎయిర్‌పోర్ట్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్, 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు.

వచ్చాక వదిన ఫొటోలన్నీ చూసి, ఆ జలపాతం కిటికీ ఫొటో దగ్గర ఆగి, ఆ అపార్ట్‌మెంట్ వివరాలు పంపమంది. అన్నయ్యకి టైముకి అన్నం కావాలి కదా, వంటగది ఉంటే చాలట. పంపించాను, జూన్ అయితే కొండ దారులు తెరుస్తారు, ఆరు రాత్రులు తీసుకోమని కూడా రాశాను.