రంభలో తెరచాప పడవ: క్రూజు ఎక్కి వచ్చాక ఒక ఫొటోగ్రాఫర్ రివ్యూ

మాది బరంపురం, పెళ్ళిళ్ళు బారసాలలు తీయడం నా పని, పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే. ఈ రివ్యూ చిలిక సరస్సు ఒడ్డున ఉన్న రంభ ఊళ్ళో జెట్టీ దగ్గర తెరచాప పడవ నడిపే ఒక పెద్దాయన గురించి. కానీ ముందు క్రూజు సంగతి చెప్పకపోతే ఆ పడవ గురించి ఎందుకింత చెప్తున్నానో మీకు అర్థం కాదు.

2022లో వైజాగ్ నుంచి చెన్నై వైపు క్రూజు, అదే విహారయాత్ర ఓడ, వేశారు కదా, అప్పుడు మా పాత కస్టమర్ ఒకాయన షష్టిపూర్తి ఓడలోనే చేసుకుంటాం, ఫొటోలకి నువ్వే రావాలి అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. ఎందుకంటే మా ముత్తాత గోపాల్‌పూర్ నుంచి రంగూన్ ఓడెక్కి వెళ్ళిన మనిషి, ఇటు గంజాం శ్రీకాకుళం వైపు నుంచి అలా ఎంతోమంది బర్మాకి పనికి వెళ్ళారు, డెక్కు మీదే పడక, మూటలో అటుకులు. గోపాల్‌పూర్ బీచిలో ఆ పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ నీళ్ళల్లో నిలబడి ఉంటాయి, ప్రీవెడ్డింగ్ షూట్‌కి వెళ్ళినప్పుడల్లా వాటి వైపు ఒక ఫ్రేమ్ తీసుకోకుండా రాను.

ఓడ చాలా బావుంది, అందులో మాట లేదు. శుభ్రం, తిండి, స్టాఫ్ మర్యాద అన్నీ. గొడవంతా మాకు టికెట్లు చేసిన ఏజెంట్‌తో. డ్రోన్ తెచ్చుకోండి సార్ ఏం పర్లేదు అన్నాడు, తీరా సెక్యూరిటీ చెకింగ్‌లో పక్కన పెట్టేశారు, అది వాళ్ళ రూలు, వాళ్ళనేం అనను. బాల్కనీ గది అని చెప్పి కిటికీ కూడా లేని లోపలి గది ఇప్పించాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెద్దాయన షష్టిపూర్తి రోజు నేనెందుకు గొడవ పెట్టుకోవడం అని ఊరుకున్నా గానీ ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఫొటోలు తీసేవాళ్ళకి ఓడ మీద నేను నేర్చుకున్నవి చెప్తా, పనికొస్తాయి. ఏసీ గదిలోంచి కెమెరా పట్టుకుని నేరుగా డెక్కు మీదికి వెళ్తే లెన్స్ మొత్తం ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది, నాకు మొదటి సూర్యోదయం అలాగే పోయింది. బ్యాగు జిప్పు తీయకుండా ఇరవై నిమిషాలు బయటి గాలిలో ఉంచి అప్పుడు తీయండి. ట్రైపాడ్ మీద లాంగ్ ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటో, మర్చిపోండి, ఇంజిన్ అదురు కాళ్ళకి తెలియదు గానీ ఫొటోలో తెలిసిపోతుంది. ఉప్పు నీటి తుంపర ఎండిపోయి ఫిల్టర్ మీద సన్నగా పొరలా కడుతుంది, పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, తడి గుడ్డతోనే తుడవాలి. ఇంకోటి, వైజాగ్ నుంచి కిందికి వెళ్ళేటప్పుడు సూర్యోదయం ఓడకి ఎడమ పక్కన, గది తీసుకునేటప్పుడే ఎడమ వైపు అడగండి.

ఇంత చేసినా ఇంటికొచ్చి కార్డు చూసుకుంటే షష్టిపూర్తి ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, సముద్రం ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. నీలం రంగు ఉంది, గీత ఉంది, అంతే. అంత ఎత్తు నుంచి చూస్తే అల కూడా చిన్న మడతలాగే కనబడుతుంది. గాలి ఉంటే మొహానికి తగిలింది గానీ ఫ్రేములోకి రాలేదు. అప్పుడనిపించింది, గాలిని ఫొటో తీయాలంటే తెరచాప కావాలి అని.

కొచ్చిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు మన నేవీ వాళ్ళ తరంగిణి ఓడని దూరం నుంచి చూశా, మూడు తెరచాప కొయ్యలు, 2003-04లో భూమి మొత్తం చుట్టి వచ్చిన ఓడ. కానీ చాపలన్నీ చుట్టేసి కట్టి ఉన్నాయి, కొయ్యలూ తాళ్ళూ తప్ప ఏం దొరకలేదు.

సరే, మొన్న డిసెంబర్‌లో రంభ. బరంపురం నుంచి గంట ప్రయాణం, చీకటితోనే బయల్దేరి ఆరు లోపు జెట్టీ చేరా. అక్కడ అందరివీ మోటారు బోట్లే, ఎక్కండి ఎక్కండి అని పిలుస్తారు. చాప పడవ కావాలంటే ఒకతను చివర్లో ఉన్న పెద్దాయనని చూపించాడు. తెలుగే, మన వైపు యాసే. మూడు గంటలకి పన్నెండు వందలు అన్నాడు, బేరం ఆడలేదు.

పెద్దాయన గెడ వేసి పడవని లోపలికి తోసుకెళ్ళి ఆపేశాడు. గాలి లేదు. నాకేమో వెలుతురు పోతోందని కంగారు. "కూకోండి బాబూ, గాలి ఒచ్చీదాక మనం ఏటి చేస్తాం" అన్నాడు. అలా గంటన్నర కూర్చున్నాం, డబ్బాలోంచి టీ పోసిచ్చాడు. గంటశిల కొండ దగ్గర రాతి మీద కట్టిన ఆ పాత దీపస్తంభం పొగమంచులోంచి మెల్లగా బయటపడింది, ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించింది, దాన్ని చూస్తూ కూర్చున్నా.

ఏడున్నరకి నీళ్ళు ఒక్కసారి గరుకుగా మారాయి. పెద్దాయన ఏం మాట్లాడకుండా లేచి తాడు లాగాడు, చాప పైకి లేచింది, కాసేపు టపటపా కొట్టుకుని ఒక్కసారిగా ఉబ్బింది. ఆ చాపకి ఎన్ని మాసికలో! పాత టార్పాలిన్ ముక్క, చీర ముక్క, పిండి సంచి. ఎండ వెనక నుంచి పడేసరికి ఒక్కో మాసిక ఒక్కో రంగులో వెలిగింది, పిండి సంచి మీది అక్షరాలు తిరగబడి స్పష్టంగా కనిపించాయి, పెద్దాయన చెయ్యి నీడ వాటి మీదుగా కదిలింది. కెమెరాని దాని లెక్కకి వదిలేస్తే వెలుగుతున్న చాపని బూడిద రంగు చేసేస్తుంది, ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచి తీశా. ఇంజిన్ లేదు, అదురు లేదు, 1/60 సెకను షట్టర్‌లో కూడా షార్ప్‌గా వచ్చాయి. శబ్దం లేదు కాబట్టి బాతులు కూడా లేచిపోలేదు, మోటారు బోటు వస్తే ఫర్లాంగు దూరం నుంచే ఎగిరిపోతాయి. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లోకి 1981లోనే ఎక్కిన చిలికలో ఇలాంటి చాప పడవలు ఇంకొన్ని ఉండాలని నా మనసులో గట్టిగా ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ఉన్న రెండు లైఫ్ జాకెట్లలో ఒకదాని పట్టీ తెగి ఉంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే చూసి ఎక్కండి. నీడ లేదు, టోపీ ఉండాలి. నలబణ పక్షుల దీవి దాకా ఈ పడవ వెళ్ళదు, పక్షులే కావాలంటే వేరే ఏర్పాటు చేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, గెడ వేసుకుంటూ రావాలి, గంట ఎక్కువ పట్టింది, దానికి ఆయన ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు, నేనే ఇచ్చా.

ఐదుకి ఐదు. పన్నెండు ఇంటూ పద్దెనిమిది సైజులో ప్రింట్ వేయించి లామినేట్ చేయించా, చాప ఫొటో. సంక్రాంతి సీజన్ పెళ్ళిళ్ళు అవ్వగానే పట్టుకెళ్ళి ఆయనకి ఇచ్చి వస్తా, ఎవరైనా వస్తానంటే కింద రాయండి, కారులో ఇంకో ఇద్దరికి చోటుంది, కానీ నాలుగున్నరకల్లా రెడీగా ఉండాలి.