ఈడెన్ సెంటరా, కొరియన్ సూపర్‌మార్కెటా, మన సరుకుల కొట్టా: ఉత్తర వర్జీనియాలోని తెలుగు ఇంటికి ఏది మేలు?

ఉత్తర వర్జీనియాలో కాపురముంటున్న తెలుగువారికి వారాంతంలో సరుకులు తెచ్చుకోవడానికి మూడు దారులున్నాయి. ఫాల్స్ చర్చ్ పట్టణంలో వియత్నాం వారు నడుపుకుంటున్న ఈడెన్ సెంటర్ మొదటిది, హెచ్ మార్ట్, లోటే ప్లాజా వంటి కొరియన్ సూపర్‌మార్కెట్లు రెండవది, పటేల్ బ్రదర్స్ వంటి భారతీయ దుకాణాలు మూడవది. చాంటిలీ, యాష్‌బర్న్ వైపు ఉండేవారిలో చాలామంది దూరాన్ని తలచుకుని మూడవదానితోనే సరిపెట్టుకుంటారు. ఆకుకూరలు, చేపలు, బయట భోజనం, పండుగ సందడి కూడా కావాలనుకునేవారు మాత్రం వీలైనప్పుడల్లా ఈడెన్ సెంటర్‌కు వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఆ చోటు ఎలా పుట్టిందో తెలిస్తే దాని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమైన తరువాత శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో మెట్రో రైలు పనుల వల్ల అద్దెలు తగ్గి ఉన్న రోజుల్లో అంగళ్లు తెరిచాయి. 1979లో అక్కడ స్టేషన్ ప్రారంభమయ్యాక అద్దెలు పెరగడంతో వారిలో పలువురు ఫాల్స్ చర్చ్ వైపునున్న సెవెన్ కార్నర్స్ కూడలి వద్దకు తరలివచ్చారు. 1984లో అక్కడ మొదలైన ఈ సముదాయానికి సైగాన్‌లోని ఈడెన్ అనే అంగళ్ల సముదాయం పేరే పెట్టుకున్నారు. బెన్ థాన్ మార్కెట్ గోపురాన్ని పోలిన గడియార స్తంభం, అమెరికా జెండా పక్కనే ఎగిరే పూర్వపు దక్షిణ వియత్నాం వారి మూడు ఎర్ర చారల పసుపు జెండా ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి. సుమారు 120 కొట్లున్న ఈ చోట ఎక్కువ భాగం చిన్న కుటుంబ వ్యాపారాలే కనుక, మనం పెట్టే ఖర్చు నేరుగా అటువంటి కుటుంబాలకు చేరుతుంది. నేను దీనివైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

కూరగాయల విషయంలో పోలిక ఆసక్తికరంగా ఉంటుంది. తోటకూర, బచ్చలి, బీరకాయ, చేమదుంప, పచ్చి బొప్పాయి, పచ్చి మామిడికాయ వియత్నాం వంటింట్లోనూ నిత్యం వాడేవే కాబట్టి అవి అక్కడ నిలవ ఉండకుండా అమ్ముడుపోతాయి. కాకరకాయ మాత్రం లేత ఆకుపచ్చగా, నున్నని గట్లతో ఉండే రకం దొరుకుతుంది. దానికి చేదు తక్కువ కనుక వేపుడుకు మన ముళ్ల కాకరే తగినది, దానికి భారతీయ దుకాణానికే వెళ్లాలి. గోంగూర, దొండకాయ, కరివేపాకు కూడా అక్కడే నమ్మకంగా దొరుకుతాయి. వ్రతానికి తమలపాకులు కొనేవారు ఈడెన్ సెంటర్‌లో జాగ్రత్తపడాలి. వియత్నాం వారు మాంసం చుట్టి కాల్చడానికి వాడే ఒక ఆకు చూపుకు అచ్చం తమలపాకులా ఉంటుంది. అది అదే కుటుంబానికి చెందిన వేరొక మొక్క ఆకు, తాంబూలానికి పనికిరాదు.

చేపలు తినేవారికి భారతీయ దుకాణం పోటీలోనే లేదు. శుభ్రత, ధరల పట్టిక, కోరిన విధంగా కోసి ఇచ్చే పద్ధతి చూస్తే కొరియన్ సూపర్‌మార్కెట్ సౌకర్యంగా ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను కావాలంటే మాత్రం వియత్నాం కొట్ల శీతల పెట్టెలను వెతకాలి. అది వారికీ పులుసు చేపే. బతికున్న కొరమీను కోసం ఎవరినీ అడగవద్దు. మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో ఈ కుటుంబానికే చెందిన మరో రకం చేపలు బయటపడిన 2002లోనే, ప్రాణమున్న కొరమీను జాతుల దిగుమతిని అమెరికా ప్రభుత్వం నిషేధించింది.

పప్పులు, సోనా మసూరి బియ్యం, మసాలా దినుసులు, పూజా సామగ్రి భారతీయ దుకాణంలోనే కొనాలి, ఇందులో తర్కించవలసినది లేదు. బియ్యప్పిండి విషయంలో ఒక మాట చెప్పాలి. ఆసియా దుకాణాల్లో మూడు తలల ఏనుగు బొమ్మతో వచ్చే థాయిలాండ్ పిండిలో ఎర్ర అచ్చు ఉన్నది మామూలు బియ్యానిది, ఆకుపచ్చ అచ్చు ఉన్నది జిగురు బియ్యానిది. రెండవదానితో జంతికలు చేస్తే సాగిపోతాయి.

భోజనానికి వస్తే ఈడెన్ సెంటర్‌కు సాటి లేదు, కానీ మనవారిలో చాలామందికి ఉండే నియమాల దృష్ట్యా ముందుగా కొన్ని తెలుసుకోవాలి. ఫో అనే నూడుల్స్ పులుసును సాధారణంగా గొడ్డు ఎముకలతో కాస్తారు, కోడిమాంసంతో చేసేదాన్ని ఫో గా పేరుతో విడిగా అడగాలి. కూరగాయల వంటకంలోనూ, పచ్చి బొప్పాయి సలాడ్‌లోనూ చేపల రసం కలిసి ఉండవచ్చు. శాకాహారులు పట్టికలో ‘చాయ్’ (chay, అంటే శాకాహారం, టీ కాదు) అని రాసి ఉన్నవాటిని ఎంచుకోవాలి. బౌద్ధ కుటుంబాలు చాంద్రమాన మాసంలో మొదటి రోజున, పదిహేనవ రోజున మాంసం మానే ఆచారం ఉన్నందున వారి శాకాహార వంట అరకొరగా ఉండదు. పెసరపప్పు, కొబ్బరిపాలతో చేసే చే అనే తీపి మన పాయసానికి దగ్గరి చుట్టం. అప్పటికప్పుడు పిండి ఇచ్చే చెరకు రసాన్ని కూడా రుచి చూడాలి. కొరియన్ సూపర్‌మార్కెట్లలోని భోజనశాలలు శుభ్రంగా, విశాలంగా ఉంటాయి గాని శాకాహారికి అక్కడ దొరికేది స్వల్పం.

పండుగల్లో రెండు అవసరాలను వేరుచేసి చూడాలి. మన పండుగ చేసుకోవడానికి వేపపువ్వు, మట్టి వినాయకుడు, కర్పూరం భారతీయ దుకాణంలో కొనాలి. పిల్లలకు ఒక పండుగను కళ్లారా చూపించాలంటే ఈడెన్ సెంటర్‌కు తీసుకువెళ్లాలి. వియత్నాం నూతన సంవత్సరమైన తెత్ 2025లో జనవరి 29న, 2026లో ఫిబ్రవరి 17న వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ సింహ నృత్యాలు జరుగుతాయి, టపాకాయలు పేలుతాయి. శరత్కాలపు పౌర్ణమి పండుగ 2025లో అక్టోబర్ 6న, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి వేళకు వచ్చింది. దానికి లాంతర్లు, చంద్రుని ఆకారపు తీపి రొట్టెలు అమ్మకానికి వస్తాయి. పండుగ వారాల్లో కారు నిలపడానికి చోటు దొరకడం చాలా కష్టం కాబట్టి ఉదయాన్నే చేరుకోవాలి. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు కనుక నగదు వెంట ఉంచుకోవాలి. ముందు భోజనం, తరువాత ఆకుకూరలు, చివరగా చేప కొనుక్కుని నేరుగా ఇంటికి బయలుదేరితే ఏదీ వాడిపోదు, ఏదీ కరగదు.